పిస్టన్ పిన్ను లాకులు: తోక ఉన్నదా, లేనిదా, చెవులదా?

పిస్టన్ కిట్ విప్పితే అడుగున ఒక చిన్న పాలిథిన్ కవర్, అందులో రెండు లాకులు ఉంటాయి. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌తో కలిపే పిన్ను పక్కకు జరిగి బయటికి రాకుండా ఆపేవి ఇవే. పిస్టన్‌నీ రింగుల్నీ తిప్పి తిప్పి చూసేవాళ్లు కూడా ఆ కవర్‌ని పక్కన పడేస్తారు. కొత్తగా బోరింగ్ చేయించిన సిలిండర్‌లో నిలువునా గీత పడి, మళ్లీ లేత్ షాపు గడప తొక్కినప్పుడే అవి గుర్తొస్తాయి. సర్‌క్లిప్ అనండి, పిన్ను లాకు అనండి, కౌంటర్ మీద ఏదో ఒకటి ఇస్తారు. అది మీ పిస్టన్ గాడిలో సరిగ్గా కూర్చుంటుందా, మీ ఇంజిన్ వేగానికి నిలబడుతుందా అన్నది చూసుకోవాల్సింది మాత్రం మీరే.

తైవాన్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్, పెట్రోల్ రంపం, 168ఎఫ్ రకం నీళ్ల పంపు, ఎక్సెల్, ఆర్ఎక్స్ 100, స్ప్లెండర్ లాంటి బండి, వీటిలో దేని ఇంజిన్ పనికైనా ఈ పోలిక పనికొస్తుంది.

ముందు చూడాల్సినవి

మొదటిది గాడి. పిన్ను కన్నం అంచుకు కాస్త లోపల, చుట్టూ తవ్విన గాడిని టార్చి వేసి చూడండి. అడుగు గుండ్రంగా ఉంటే అది తీగ క్లిప్ గాడి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉంటే అది రేకు నుంచి కొట్టిన చెవుల సర్‌క్లిప్ కోసమో స్పైరల్ లాకు కోసమో తవ్వింది. ఒకదాని గాడిలో ఇంకోటి పెట్టకూడదు. చదునైన గాడిలో తీగ క్లిప్ పెడితే అటూ ఇటూ ఊగుతుంది. గుండ్రని గాడిలో చెవుల సర్‌క్లిప్ పూర్తిగా దిగదు, అంచు మీద నిలబడి ఉంటుంది. సగం ఎంపిక ఇక్కడే తేలిపోతుంది.

రెండోది పిన్ను అంచు. దీన్ని చూసేవాళ్లు తక్కువ. పిన్ను రెండు కొసల్లో బయటి అంచును గోటితో గీరండి. ఏటవాలుగా చెక్కి ఉంటే ఆ పిన్ను తీగ క్లిప్ కోసం చేసింది. పిన్ను పక్కకు జరిగినప్పుడు ఆ వాలు తీగను బయటికి నెట్టకుండా గాడిలోకి అదుముతుంది. చెవుల సర్‌క్లిప్‌కి, స్పైరల్ లాకుకి నిటారైన అంచు కావాలి. రేకు మీద పిన్ను నిండుగా ఆనితేనే వాటికి బలం. వాలు అంచున్న పిన్ను చదునైన లాకును గాడి దగ్గర కాకుండా లోపలి అంచున పొడుస్తుంది, రేకు మెల్లగా గిన్నెలా వంగిపోతుంది. పాత పిస్టన్ పిన్నును కొత్త పిస్టన్‌లో వేసేవాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోయి దెబ్బతింటారు.

మూడోది వేగం. లెక్క చెబితే ఇది ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. 1 మి.మీ. తీగతో చేసిన, విప్పితే 38 మి.మీ. పొడవుండే క్లిప్ బరువు పావు గ్రాము కూడా ఉండదు. ఆర్ఎక్స్ 100 లాగా 50 మి.మీ. స్ట్రోకున్న (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) ఇంజిన్ 7,500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మీద తిరుగుతుంటే, పిస్టన్ పైకొసకు చేరి వెనక్కి మళ్లే క్షణంలో దాని త్వరణం భూమి ఆకర్షణకు దాదాపు 2,000 రెట్లు. అంటే ఆ పావు గ్రాము తీగ అప్పటికి అరకిలోకు కాస్త తక్కువ బరువుతో గాడిని తోస్తుంది. సెకనుకు 125 సార్లు. అదే క్లిప్ 3,600 మీద తిరిగే 168ఎఫ్ పంపులో ఉంటే ఆ తోపు వంద గ్రాములు కూడా దాటదు. 12,000 దాటి తిరిగే పెట్రోల్ రంపంలో స్ట్రోకు చిన్నదే అయినా త్వరణం 3,000 రెట్లు మించుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది మరి. పంపులో ఏళ్ల తరబడి నడిచిన లాకు రంపంలో వారానికే ఊడటంలో ఆశ్చర్యం లేదు.

నాలుగోది కోత. తీగ క్లిప్‌ని పొడిచి తీయడానికి కన్నం అంచున చిన్న కోత పెడతారు. అది కింద ఉందా, పక్కన ఉందా చూసి పెట్టుకోండి. క్లిప్ నోరు, అంటే దాని రెండు కొసల మధ్య ఖాళీ, ఎటు తిప్పాలో దాన్నిబట్టే తేలుతుంది.

తోక లేని తీగ క్లిప్

సి అక్షరంలా ఉండి, రెండు కొసలూ మామూలుగా తెగిపోయి ఉంటుంది. హోండా జీఎక్స్ 160లో, దాని పోలికలో వచ్చే 168ఎఫ్ ఇంజిన్లలో 18 మి.మీ. పిన్నుకు ఇదే రకం. స్ప్లెండర్‌లో 13 మి.మీ. పిన్నుకూ ఇదే.

దీని బలం దాని సాదాతనంలోనే ఉంది. రెండు కాళ్ల బరువూ సమానం, విరిగి ఊడే ముక్కంటూ లేదు, ఎంత వేగంలోనైనా నిలబడుతుంది. ఇబ్బందల్లా చేతికి. పట్టుకోవడానికి ఏమీ లేదు, నూనె చేతిలో జారుతుంది, ఎగిరితే ఎటు పోయిందో తెలియదు. తీసేటప్పుడు కోతలోంచి సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాలి, అప్పుడు తీగ తప్పకుండా వంగుతుంది. అందుకే ఒకసారి తీసినది చెత్తబుట్టలోకే.

తోక ఉన్న తీగ క్లిప్

ఒక కొస లోపలికి గానీ బయటికి గానీ వంగి ఉంటుంది. బయటికి వంగిన తోక పిస్టన్ కోతలో కూర్చుని క్లిప్ తిరగకుండా ఆపుతుంది. లోపలికి వంగినది పిన్ను బోలులోకి పొడుచుకొస్తుంది, నోస్ ప్లయర్‌తో పట్టుకోవడానికి వీలుగా. స్ప్రేయర్లకూ బ్రష్ కట్టర్లకూ వచ్చే చవక పిస్టన్ కిట్లలో ఇవి తరచుగా కనిపిస్తాయి.

బిగించడం, తీయడం రెండూ హాయి. కానీ ఒక కాలు బరువెక్కువ. పిస్టన్ పైకీ కిందికీ మళ్లిన ప్రతిసారీ తోక మొదలు దగ్గర తీగ వంగి లేస్తుంది, అదే చోట అలిసి విరుగుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్లో ఆ ముక్క ట్రాన్స్‌ఫర్ పోర్టు (పెట్రోలు, గాలి కింది నుంచి సిలిండర్ పైభాగానికి వెళ్లే దారి) గుండా పైకి వెళ్లి పిస్టన్ తలకూ హెడ్డుకూ మధ్య నలుగుతుంది. 7,000 లోపు తిరిగే స్ప్రేయర్‌కి ఇది చాలు. రంపానికి మాత్రం, కిట్‌లో తోకవి వచ్చినా సరే, అదే పిన్ను సైజుకి తోక లేనివి విడిగా కొనండి.

ఒక చిట్కా గురించి హెచ్చరిక: తోకను గ్రైండర్ మీద కోసేసి సాదా క్లిప్ చేసుకుంటారు కొందరు. స్ప్రింగు తీగకు వేడి తగిలితే స్ప్రింగు గుణం పోతుంది, కొసన ముల్లు మిగిలి గాడిని గీరుతుంది. రూపాయల్లో వచ్చే వస్తువు కోసం ఈ పని అనవసరం. పైగా బయటి తోక కోసం చేసిన పిస్టన్‌లో కోత పెద్దదిగా ఉంటుంది కాబట్టి, సాదా క్లిప్ పెట్టినప్పుడు నోరు ఆ కోత మీదికి రాకుండా ఇంకాస్త జాగ్రత్త పడాలి.

చెవుల సర్‌క్లిప్

రెండు చెవులు, వాటిలో రెండు రంధ్రాలు. సర్‌క్లిప్ ప్లయర్ మొనలు పెట్టి నొక్కితే ముడుచుకుంటుంది. నెమ్మదిగా తిరిగే పాత డీజిల్ పంపు ఇంజిన్లలో ఇవే ఎక్కువ. కొలతలు ప్రమాణం ప్రకారం దొరకడం వీటి గొప్ప సౌకర్యం. జర్మన్ ప్రమాణం డిన్ 472 ప్రకారం 18 మి.మీ. కన్నానికి రింగు మందం 1 మి.మీ., గాడి వెడల్పు 1.1, గాడి వ్యాసం 19. బేరింగుల షాపులో కన్నం సైజు చెబితే ఇస్తారు.

రేకు నుంచి కొట్టిన రింగుకు ఒక ముఖం అంచు నున్నగా, రెండో ముఖం అంచు పదునుగా ఉంటుంది. వేలు పెట్టి రాస్తే తెలుస్తుంది. నున్నటి వైపు పిన్ను మీదికి, పదును వైపు బయటికి పెట్టాలి. తిరగేసి పెడితే గుండ్రటి అంచు గాడి గోడ మీంచి జారి బయటికి ఎక్కడానికి దారి దొరుకుతుంది. చెవుల బరువు వల్ల వేగంగా తిరిగే ఇంజిన్లకు ఇవి పనికిరావు.

స్పైరల్ లాకు

చుట్టలు చుట్టిన పట్టీ. కొంచెం లాగి సాగదీసి, ఒక కొసను గాడిలో పెట్టి, చుట్టూ తిప్పుకుంటూ దించాలి. నోరంటూ లేదు, చుట్టూతా పట్టు ఉంటుంది. రేసింగ్ పిస్టన్లతో వస్తాయి. మామూలు కిట్ వేసేవాళ్లు వీటి గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, పిస్టన్‌తో వస్తేనే వాడండి.

| | తోక లేని తీగ | తోక ఉన్న తీగ | చెవుల సర్‌క్లిప్ | స్పైరల్ |
|---|---|---|---|---|
| గాడి అడుగు | గుండ్రం | గుండ్రం | చదును | చదును |
| పిన్ను అంచు | ఏటవాలు | ఏటవాలు | నిటారు | నిటారు |
| వేగం | ఎంతైనా | మధ్యస్థం వరకు | తక్కువ | ఎంతైనా |
| బిగించే సులువు | కష్టం | సులువు | ప్లయర్ ఉంటే సులువు | ఓపిక కావాలి |
| ఎక్కువగా చెడేది | గాడిలో పూర్తిగా దిగక | తోక విరిగి | తిరగేసి పెట్టి | సాగదీసేటప్పుడు వంకర పోయి |

కిట్‌లో వచ్చినవా, విడిగా కొన్నవా, పాతవా?

పాతవి వద్దు. పాత క్లిప్‌నీ కొత్త దాన్నీ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూడండి, పాతదాని నోరు ఎక్కువ మూసుకుని ఉంటుంది. గాడిని బయటికి తోసే శక్తి ఆ మేరకు పోయినట్టే. పిన్ను కన్నం మీద ఆనించి చూస్తే మంచి క్లిప్ కన్నం కంటే స్పష్టంగా పెద్దదిగా కనపడాలి, బలంగా ముడిస్తేనే లోపలికి పోవాలి. వేలితో తోస్తే జారిపోయేదాన్ని ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

కిట్‌లో వచ్చినవి ఆ గాడి కోసమే వచ్చాయని నమ్మకం పెట్టుకునే ముందు వెర్నియర్‌తో తీగ మందం కొలవండి. పాత ఒరిజినల్ క్లిప్‌తో పోల్చండి. సన్నటి తీగ గాడిలో అటూ ఇటూ ఊగి గాడినే అరగదీస్తుంది. లావు తీగ సగం కూడా లోపలికి దిగదు. రెండింట్లో లావుదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బిగించినప్పుడు గట్టిగా పట్టినట్టే అనిపించి మోసం చేస్తుంది.

విడిగా కొనేటప్పుడు బండి పేరు చెబితే చాలదు, పిన్ను వ్యాసం చెప్పండి. చైనా ఇంజిన్ల మీద కొట్టి ఉండే అంకెలు ఇక్కడ కొంత సాయం చేస్తాయి: 1ఈ34ఎఫ్ అంటే ఒక సిలిండర్, టూ స్ట్రోక్, 34 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), గాలితో చల్లబడేది. 168ఎఫ్ అంటే ఒక సిలిండర్, 68 మి.మీ. బోరు. ఈ అంకెలతో పిస్టన్ దొరుకుతుంది. లాకుకి మాత్రం పిన్ను కొలిచే వెళ్లాలి, ఒకే బోరులో వేరు వేరు పిన్నులు వస్తాయి కాబట్టి.

దేనితో బిగించాలి?

చేతులతో, చిన్న స్క్రూడ్రైవర్‌తో చేయడం అందరికీ అందుబాటులో ఉన్న దారి. ఒక కొసను గాడిలో పెట్టి బొటనవేలితో అదిమి ఉంచాలి. మరో చేత్తో తీగ వెంట అంచెలంచెలుగా తోసుకుంటూ పోతే చివరి కొస టిక్కుమని దిగుతుంది. స్క్రూడ్రైవర్ అంచు పదునుగా ఉంటే ఎమెరీ కాగితంతో మొండి చేసుకోండి. పదునైన అంచు కన్నాన్ని గీస్తుంది, ఆ గీత లేపిన ముల్లు తర్వాత పిన్నును బిగించేస్తుంది.

నోస్ ప్లయర్ తోక ఉన్న క్లిప్‌కి బాగుంటుంది. సాదా క్లిప్‌ని ప్లయర్‌తో రెండు కొసలూ కలిసేలా నొక్కేస్తే తీగ అక్కడికక్కడే పాడవుతుంది. కన్నంలో దూరేంత నొక్కితే చాలు.

నెలకు నాలుగైదు ఇంజిన్లు విప్పే మెకానిక్‌కి లాకు తోసే పరికరం లాభం. లోపల కోనులా సన్నబడే గొట్టం, దాని వెనక తోసే కడ్డీ. గొట్టంలో క్లిప్ పెట్టి నెడితే సన్నబడుతూ వచ్చి గాడి దగ్గర విచ్చుకుంటుంది. లేత్ షాపులో అల్యూమినియం కడ్డీతో చేయించుకోవచ్చు. గొట్టం చిన్న కొస బయటి వ్యాసం పిన్ను కన్నం కంటే కాస్త తక్కువ, కడ్డీ మొన చదునుగా, ఇంతే. ఏడాదికి ఒకసారి స్ప్రేయర్ విప్పుకునే రైతుకి ఇది అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు.

ఏ దారిలో పోయినా కొన్ని మారవు:

- ఒక లాకు పిస్టన్ బల్ల మీద ఉండగానే వేసేయండి. ఇంజిన్ మీద వంగి చేయడానికి ఇబ్బందయ్యే వైపు ఏదో అది. ఇంజిన్ మీద ఒక్కటే మిగలాలి.
- చాంబర్ (క్రాంక్ తిరిగే కింది గది) నోటిని శుభ్రమైన బనియన్ గుడ్డతో కప్పండి, పీచు రాలే గుడ్డ వద్దు. టూ స్ట్రోక్ చాంబర్లో లాకు పడితే, అయస్కాంతంతో అందకపోతే, చాంబర్ విప్పాల్సిందే.
- పిస్టన్‌నీ మీ రెండు చేతుల్నీ ఒక పారదర్శక పాలిథిన్ కవర్లో పెట్టి పని చేయండి. ఎగిరిన క్లిప్ కవర్లోనే ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి.
- పిన్ను గట్టిగా ఉంటే సుత్తి పట్టకండి. పిస్టన్‌ని 60 నుంచి 80 డిగ్రీల వరకు వేడి చేస్తే, వేడి నీళ్లలో ముంచి తుడిచినా సరే, పిన్ను చేత్తోనే దిగుతుంది. సుత్తి దెబ్బకు కనెక్టింగ్ రాడ్ వంగితే లాకు ఊడటానికి బీజం అక్కడే పడుతుంది.
- పిస్టన్ తల మీది బాణం టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ వైపు ఉందో లేదో లాకు వేయకముందే చూసుకోండి.

నోరు ఎటు?

పిస్టన్ తల పైకి ఉంచి కన్నాన్ని గడియారం అనుకోండి. క్లిప్ నోరు 12 దగ్గర గానీ 6 దగ్గర గానీ ఉండాలి. నోరు 3 దగ్గరో 9 దగ్గరో ఉంటే, పిస్టన్ పైకొస చేరినప్పుడు తీగ మొత్తం పైకి ఎగరబోతుంది. పై కాలు గాడిలోకి ఒదుగుతుంది, కింది కాలు మాత్రం గాడి వదిలి లోపలికి ముడుచుకుంటుంది. కింది కొసలో ఇదే తలకిందులుగా జరుగుతుంది. ప్రతి చుట్టుకూ తీగ ఇలా కదలడమంటే గాడి అరగడం, ఒకనాటికి ఊడటం.

కోత 6 దగ్గర ఉంటే నోరు 12 కి. కోత పక్కన ఉంటే రెండింట్లో మీ ఇష్టం. పైకొసలో తోపు కింది కొసలో కంటే ఎక్కువ కాబట్టి, నోరు కిందికి ఉండి క్లిప్ వీపు పైన ఆనుకునేలా పెట్టడం ఒక పిసరు మేలు. నోరు కోత మీదికి మాత్రం ఎప్పుడూ రాకూడదు, అక్కడ కొసలకు ఆనిక ఉండదు.

దిగిన తర్వాత రెండు పరీక్షలు. టార్చి వేసి చుట్టూ చూస్తే తీగ అన్ని చోట్లా ఒకే మందంగా బయటికి కనపడాలి, ఒక చోట ఎక్కువ కనపడితే అక్కడ దిగలేదు. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో తీగను గాడిలో కొంచెం తిప్పండి. బిగువుగా, గీరుకుంటూ కదలాలి. గాలికి తిరిగినట్టు తిరిగితే టెన్షన్ లేదు. అసలు కదలకపోతే కార్బన్ మీద కూర్చుని ఉండొచ్చు: తీసేసి, గాడిని చెక్క పుల్లతో శుభ్రం చేసి, ఇంకో కొత్తది వేయండి. తోక బయటికున్న క్లిప్‌కి ఈ రెండో పరీక్ష కుదరదు, మొదటిదే రెండుసార్లు చూడండి. పిన్ను పక్కలకు వేలికి తెలిసేంత కదలాలి. కదలకుండా లాకుని నొక్కి పెడితే పిన్ను పొడవు తప్పు.

ఎవరికి ఏది?

స్ప్రేయర్, బ్రష్ కట్టర్ సొంతంగా విప్పుకునేవాళ్లకి, చేయి అలవాటు లేకపోతే, తోక ఉన్నవే మంచివి. సరిగ్గా దిగిన తోక క్లిప్, సగం దిగిన సాదా క్లిప్ కంటే వెయ్యి రెట్లు నయం. ఆర్ఎక్స్ 100 లాంటి బండిని ఇష్టంగా బాగుచేసుకునేవాళ్లు, వేగం పెంచే పని కూడా చేయిస్తుంటే, సాదా క్లిప్ ఒరిజినల్ కొలతలోనే తీసుకోండి. సైలెన్సర్, పోర్టు మార్చి ఆర్పీఎం పెంచాక లాకు మీద పడే భారం, వేగం రెట్టింపైతే నాలుగింతలు అన్న లెక్కన పెరుగుతుందని మరవకండి. పంపు ఇంజిన్లకు కిట్‌లో వచ్చిన సాదావి చాలు, తీగ మందం మాత్రం కొలవండి. రంపానికి తోక లేనివే.

లాకు ఊడి వచ్చిన ఇంజిన్ అయితే

ఏ రకం లాకు అన్న ప్రశ్న అక్కడ రెండోది. ముందు ఊడినది ఎందుకు ఊడిందో చూడాలి. గాడి పెదవి ఒక వైపే లోపలి నుంచి చితికి ఉండి, పిస్టన్ స్కర్ట్ (కింది గోడ) మీద అరుగుదల ఐమూలగా కనిపిస్తే కనెక్టింగ్ రాడ్ వంగింది. పిన్ను ఒకే వైపుకి నడుస్తూ లాకుని లోపలి నుంచి సుత్తిలా కొడుతోంది. రెండు వైపులా కొట్టిన గుర్తులుంటే క్రాంక్ పక్కలకు ఎక్కువగా ఆడుతోంది, బేరింగులు చూడాలి. ఏ గుర్తూ లేకుండా గాడి శుభ్రంగా ఉంటే లాకు దిగనేలేదు, లేదా నోరు కోత మీద ఉంది. మొదటి రెంటిలో ఎంత మంచి లాకు వేసినా ఊడుతుంది.

గాడి పెదవి చితికిన పిస్టన్‌ని ఆకురాయి పెట్టి సరిచేయాలని చూడొద్దు, మార్చాల్సిందే. సిలిండర్ సంగతి లైనర్‌ని బట్టి ఉంటుంది. పోత ఇనుప లైనర్ అయితే గీత లోతును బట్టి 0.25, 0.50 ఓవర్ సైజుకి బోరింగ్ చేయించుకోవచ్చు. రంపాల్లో ఉండే పూత పూసిన అల్యూమినియం సిలిండర్‌కి పూత తెగేంత గీత పడితే మామూలు బోరింగ్ షాపులో పని జరగదు, సిలిండర్, పిస్టన్ కలిపి సెట్టు కొనాలి. రెండో లాకు, విరిగిన ముక్కలు అన్నీ బల్ల మీద పేర్చి, మొత్తం దొరికాయని తేలాకే చాంబర్ మూయండి. ముక్క తక్కువైతే కనెక్టింగ్ రాడ్ కింది కొసనుండే పెద్ద ఎండ్ బేరింగ్ దగ్గరా ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోనూ వెతకండి. ఇరుక్కుపోవడానికి దానికి అనువైన చోట్లు అవే.